ఓడినవాడు దిగిపోవలెనా?

సాయంకాలము బడి చివరి గంట కొట్టగానే వసారాలోని ఆకుపచ్చ బల్ల చుట్టును పిల్లలు మూగుదురు. బల్ల ఒకటి; బ్యాట్లు రెండు; ఎదురుచూచువారు నలుబదిమంది. ఎవరు ముందు, ఎవరు వెనుక అను తగవు రోజును వచ్చునదే. దానికి చాల బడులలో ఒకే తీర్పు వాడుకలో నున్నది: గెలిచినవాడు నిలుచును, ఓడినవాడు దిగిపోవును.

వినుటకు ఇది న్యాయముగనే తోచును. బలవంతుడు బల్లను గెలుచుకొన్నాడు, బలహీనుడు పోగొట్టుకొన్నాడు; ఇందులో పక్షపాతమునకు తావెక్కడ? కాని లెక్కల ఉపాధ్యాయుడొకరు ఒక్కనాడు వసారాలో నిలిచి గడియారము చూచుకొన్నచో ఈ న్యాయములోని లొసుగు వెంటనే బయటపడును. 11 పాయింట్ల గేము ఒకటి ముగియుటకు సుమారు 5 నిమిషములు పట్టుననుకొన్నచో గంటలో 12 గేములు జరుగును. మొదటి గేములో ఇద్దరు, తరువాతి 11 గేములలో గేమునకు ఒక్కరు చొప్పున క్రొత్తవారు వచ్చినను మొత్తము 13 మందికి మించి బ్యాటు దక్కదు. మిగిలిన 27 మంది గంటసేపు నిలుచుండి, చూచి, ఇంటికి పోవుదురు. బాలికలున్న బడిలో ఆ 27 మందిలో వారే హెచ్చుగ నుందురు. మొదటివాడు ఓడకుండ నిలిచెనేని 60 నిమిషములును అతనివే. దిగిపోయిన ప్రతివానికిని దక్కినది 5 నిమిషములు. అందులోను కొంతసేపు దొరలిపోయిన బంతి వెంట పరుగిడుటతోనే సరి.

నేర్చుకొనవలసిన అవసరము ఎవరికి ఎక్కువయో వారికే బల్ల తక్కువగా దక్కుచున్నది. టేబుల్ టెన్నిస్‌లో మెరుగుపడుట ఎట్లని అడుగు విద్యార్థికి చెప్పవలసిన సంగతులు పెక్కు కలవు: పట్టు, నిలుకడ, స్పిన్, సర్వీసు, కాళ్ళ కదలిక. కాని వాటన్నిటికంటె ముందు తెలియవలసిన మాట యొకటి యున్నది. గెలుచుటకు ఆడు ఆట వేరు, నేర్చుకొనుటకు ఆడు ఆట వేరు. మొదటిదానినే నిత్యమును ఆడువాడు రెండవదానికి దూరమగును.

గెలిచి నిలిచిన బాలునికైనను ఈ పద్ధతి మేలు చేయునా? అతనికి ఒక సర్వీసు బాగుగ వచ్చును. తోడివారు దానిని తిరిగి కొట్టలేరు. కావున రోజును అదే వేయును, అందుచేతనే గెలుచును. బ్యాక్‌హ్యాండ్ వైపు బంతి వచ్చినచో తడబడును. ఆ తడబాటును దిద్దుకొనబోయినచో నాలుగు గేములు ఓడవలసివచ్చును. ఓడినచో బల్ల పోవును. ఆ భయముచేత అతడు తన లోపమును ఏడాదిపాటు భద్రముగ కాపాడుకొనును. జిల్లా పోటీలకు వెళ్ళిననాడు ఆ సర్వీసును అవలీలగ తిరిగి కొట్టు పిల్లవాడు ఎదురగును. ఈ వసారా వీరుని అంబులపొదిలో రెండవ బాణము లేదని అప్పుడు తేలును.

ఆలోచించుటకు వ్యవధి లేని ఆట

బల్ల పొడవు 9 అడుగులు, వెడల్పు 5 అడుగులు, నేలనుండి ఎత్తు రెండున్నర అడుగులు. నెట్టు ఎత్తు 6 అంగుళములు. బంతి బరువు 2.7 గ్రాములు మాత్రమే. ఇంత చిన్న తావులో, ఇంత తేలిక వస్తువు, మంచి ఆటగాండ్ర నడుమ ఈ కొసనుండి ఆ కొసకు అర సెకను లోపుననే చేరును. ఆ వ్యవధిలో 'ఇప్పుడు మోకాలు వంచవలెను, ఇప్పుడు బ్యాటు వాల్చవలెను' అని ఆలోచించుకొనుట ఎవరికిని సాధ్యము కాదు. ఆ పనిని చేయియు కాలును ముందే నేర్చియుండవలెను.

ఈ సంగతి సంగీతము తెలిసిన ఇండ్లలో క్రొత్తది కాదు. వీణ నేర్చుకొను బాలిక సరళీ స్వరములను మూడు కాలములలో వందలమార్లు పలికించిన పిమ్మటనే గీతమునకు, వర్ణమునకు పోవును. కీర్తన వాయించునాటికి వ్రేళ్ళ సంగతి ఆమెకు తలపునకే రాదు. పట్టుమని పది బంతులు వరుసగ బల్లమీద పడవేయలేని బాలుడు స్మాష్ కొట్టబోవుట సరళీ స్వరములు రాకుండ కచేరికి కూర్చుండుట వంటిది.

కావున ఆరంభదశలో కొలువవలసినది దెబ్బలోని బలమును గాక బంతి ఎన్నిమార్లు తప్పకుండ తిరిగి వచ్చినదను లెక్కను. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగ నిలిచి, ఫోర్‌హ్యాండ్ మూలనుండి ఫోర్‌హ్యాండ్ మూలకు మెల్లగ కొట్టుచు, బిగ్గరగ లెక్కపెట్టవలెను. 20 నిలిచినచో 30, 30 నిలిచినచో 50. పిమ్మట బ్యాక్‌హ్యాండ్ మూలలకు మారవలెను. ఈ అభ్యాసములో ఒక విశేషము కలదు. ఇద్దరును ఒకే పక్షము. ఒకడు తప్పినచో నష్టము ఇద్దరిది. కావున బలవంతుడు ఎదుటివానికి అందునట్లు బంతిని పంపవలసి వచ్చును. కోరిన చోటికి, కోరిన వేగముతో బంతిని పంపు నేర్పు అతనికి అట్లు అలవడును. ఎదుటివాని మేలునకై చేసిన పని తన మేలే యగును.

బొంబాయి నేర్పిన పాఠము

1952 ఫిబ్రవరిలో టేబుల్ టెన్నిస్ ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగెను. ఆసియా ఖండములో ఈ పోటీలు జరుగుట అదియే మొదటిసారి. 1926లో లండనులో పోటీలు ఆరంభమైననాటి నుండియు పురుషుల సింగిల్స్ పట్టము ఐరోపా వారి చేతిలోనే యుండెను. హంగరీ దేశస్థుడు విక్టర్ బార్నా ఒక్కడే దానిని అయిదుమార్లు గెలుచుకొనెను. అప్పటి బ్యాట్లకు అతికినది బొడిపెల రబ్బరు. బంతి తగిలినప్పుడెల్ల టక్కున శబ్దమగును. ఆ చప్పుడును వినియే దెబ్బలోని బలమెంతయో ఎదుటివాడు గ్రహించువాడు.

ఆ యేడు మొదటిసారిగ జపాను జట్టు వచ్చినది. అందులో హిరోజి సతో అను కళ్ళజోడు యువకుడు మందమైన స్పాంజి అతికిన బ్యాటుతో బల్ల దగ్గరకు వచ్చెను. బంతి దానిలోనికి దిగి, చప్పుడు చేయక, అనుకొన్నదానికంటె వేగముగ వెలువడుచుండెను. చెవిని నమ్ముకొన్న మహా క్రీడాకారులు ఆ నిశ్శబ్దమునకు చకితులైరి. ఫైనలులో హంగరీ ఆటగాడు యోజెఫ్ కోత్సియాన్‌ను ఓడించి సతో ప్రపంచ విజేత యయ్యెను.

ఇంతవరకు విన్న పిల్లవాడు అంతయు బ్యాటు మహిమ యనుకొని, ఖరీదైనదానిని కొనిపెట్టుమని తండ్రిని వేధించును. కథ అంతటితో ముగియలేదని అతనికి చెప్పవలెను. ఆ పట్టము సతోకు మరల దక్కలేదు. రహస్యము అందరికిని తెలిసినపిమ్మట అది రహస్యము కాలేదు. 1959లో అంతర్జాతీయ సమాఖ్య వట్టి స్పాంజి బ్యాటును తొలగించి, రబ్బరు మందమునకు హద్దులు విధించెను.

సతో వెనుక వచ్చిన ఇచిరో ఒగిమురా కథ వేరు. అతడు హైస్కూలు విద్యార్థిగ నున్నప్పుడు బ్యాటు పట్టి, ఎడతెగని సాధన చేసి, 21 యేండ్ల వయస్సున, 1954లో, లండనులో ప్రపంచ విజేత యయ్యెను; 1956లో టోక్యోలో మరల గెలిచెను. అతని చేతిలోనిదియు స్పాంజి బ్యాటే. కాని అప్పటికి ఆ బ్యాటు ఎవరికిని వింత కాదు. గెలిపించినది కాళ్ళ వేగము, ఏ బంతినైనను ముందుగ చేరుకొని ఫోర్‌హ్యాండ్‌తో కొట్టు అలవాటు. వింత ఒక్కసారి గెలిపించును. అభ్యాసము మరలమరల గెలిపించును. ఆరంభకునికి మిక్కిలి వేగముగల రబ్బరు మేలు చేయదు సరికదా, బంతిని అదుపులో ఉంచనీయక కీడే చేయును. మధ్యరకపు బ్యాటు చాలును. ఆడిన పిమ్మట రబ్బరును తడిగుడ్డతో తుడిచి దుమ్ము పోగొట్టినచో అది చాలకాలము మన్నును.

పట్టు, నిలుకడ

బ్యాటును పట్టు పద్ధతులు ముఖ్యముగ రెండు. కరచాలనము చేసినట్లు పిడిని పట్టుట ఒకటి. కలము పట్టినట్లు బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిడిని ఇరికించుట రెండవది. చైనా, జపాను దేశములలో పూర్వము రెండవది ప్రబలముగ నుండెను; మన బడులలో మొదటిదే వాడుక. ఇందులో చూపుడువ్రేలు బ్యాటు వెనుకవైపు అడుగు అంచువెంట చాచియుండవలెను. బొటనవ్రేలు ముందువైపు పిడి మొదట ఆనియుండవలెను. ఫోర్‌హ్యాండ్‌కు ఒక పట్టు, బ్యాక్‌హ్యాండ్‌కు ఒక పట్టు మార్చుకొనువాడు వేగము పెరిగిన కొలది చిక్కులపాలగును; మార్చుటకు వ్యవధి యుండదు.

పట్టులో చాలమంది చేయు తప్పు బిగింపు. పిడిని పిడికిలితో నొక్కిపట్టినచో మణికట్టు కొయ్యబారును. ముంజేయి, భుజము కూడ బిగిసిపోవును. చేతిలోని పిచ్చుక ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు. బ్యాటును పట్టవలసినది అంత మెత్తగనే. బంతి తగులు క్షణమున పట్టు తనంతట బిగియును, మరల వదులగును.

ఇక నిలుకడ. పాదములు భుజముల వెడల్పుకంటె కొంచెము ఎడముగ నుండవలెను. మోకాళ్ళు వంగి, మడమలు తేలికగ, బరువు పాదముల ముందుభాగముపై నిలువవలెను. కుడిచేతివాటపు ఆటగాని కుడిపాదము రవ్వంత వెనుకగ నుండును. బల్లకు చేరువగ గాని మరీ దూరముగ గాని కాక, చేయి చాచినంత ఎడములో నిలువవలెను. బ్యాటు బల్లకంటె ఎత్తున, దేహమునకు ముందు, నడిమికి చూచుచుండవలెను. మోకాళ్ళు నిటారుగ నుంచి బ్యాటును తొడప్రక్కన వ్రేలాడవేసిన బాలుని చూచినచో అతడు తరువాతి బంతికి ఆలస్యమగునని ముందే చెప్పవచ్చును.

దెబ్బ కొట్టిన పిమ్మట ఈ నిలుకడకు మరల వచ్చుట దెబ్బలో భాగమే. కొట్టినవాడు తన దెబ్బ అందమును చూచుకొనుచు నిలిచిపోయినచో ఆ బంతి తిరిగివచ్చునప్పటికి అతడు ప్రేక్షకుడై యుండును.

బంతి చెప్పు మాట

ఆరంభకులను ఎక్కువ వేధించునది స్పిన్. ఎదుటివాడు మెల్లగ వేసిన బంతి తన బ్యాటుకు తగిలి నేరుగ నెట్టులోనికి దూకుటయు, మరియొకటి బల్ల దాటి పైకెగిరిపోవుటయు వారికి మాయగ కనబడును. ఇందులో మాయ లేదు. బంతి తాను ఎట్లు తిరుగుచున్నదో ముందుగనే చెప్పుచున్నది, వినుట నేర్చుకొనవలెను.

చూడవలసినది ఎదుటివాని బ్యాటును, అదియు బంతిని తాకు క్షణమున. బ్యాటు క్రిందికి కోసినట్లు కదలినచో బంతి వెనుకకు తిరుగుచు వచ్చును. అట్టి బంతి తగిలిన వెంటనే క్రిందికి జారును. కావున బ్యాటు ముఖమును కొంచెము పైకి తెరచి మెత్తగ ముందుకు త్రోయవలెను. బ్యాటు పైకి రాచినట్లు కదలినచో బంతి ముందుకు దొరలుచు వచ్చును. అది తగిలినచో పైకి లేచును. కావున బ్యాటు ముఖమును బల్లవైపు వాల్చవలెను. బ్యాటు ప్రక్కకు కదలినచో బంతి ఆ దిక్కుననే జారిపోవ చూచును. ఎదుటివాని బ్యాటు ఏ ప్రక్కనుండి బయలుదేరినదో ఆ ప్రక్కకు గురిపెట్టి కొట్టినచో బంతి బల్లమీద నిలుచును.

సైన్సు ఉపాధ్యాయులకు ఇది చక్కని పాఠము కాగలదు. తెల్లని బంతిపై సిరాతో సగమునకు రంగువేసి బల్లపై దొరలించినచో స్పిన్ కంటికి కనబడును. బంతిని వ్రేళ్ళతో వెనుకకు త్రిప్పి ముందుకు విసరినచో అది నేలను తాకి విసరినవాని వద్దకే తిరిగివచ్చును. ముందుకు తిరుగుచు పోవు బంతి గాలిలోనే క్రిందికేల వంగును? దాని పైభాగము ఎదురుగాలికి అడ్డుగ తిరుగుటచే పైన ఒత్తిడి హెచ్చి, క్రిందికి త్రోయబడును. కావుననే టాప్ స్పిన్ దెబ్బను గట్టిగ కొట్టినను అది బల్ల దాటక లోపలనే పడును. ఈ కారణమును గ్రహించిన విద్యార్థి టాప్ స్పిన్‌ను శ్రద్ధతో నేర్చుకొనును. గ్రహింపనివాడు బలమును నమ్ముకొని బంతిని గోడకు కొట్టుచుండును.

ఎవరి తోడును అక్కరలేని పాఠము

ఈ ఆటలో ఎదుటివాని ప్రమేయము లేక ఆటగాడు తనంతట కొట్టు దెబ్బ ఒక్కటే: సర్వీసు. దానిని అభ్యసించుటకు జోడీ అక్కరలేదు. డజను బంతులు, ఖాళీ బల్ల చాలును. అయినను బడులలో మిక్కిలి అశ్రద్ధకు గురియగునది ఇదియే.

నియమము ముందు తెలిసియుండవలెను. బంతిని తెరచిన అరచేతిలో ఉంచి, ఇంచుమించు నిలువుగ, కనీసము 16 సెంటీమీటర్లు పైకెగురవేసి, అది దిగుచున్నప్పుడు కొట్టవలెను. బంతి బల్ల మట్టమునకు పైన, కొసగీతకు వెనుక నుండవలెను. దేహముతోగాని చేతితోగాని దానిని ఎదుటివానికి కనబడకుండ మరుగుపరచుట 2002 నుండి నిషిద్ధము. వ్రేళ్ళతో బంతిని మెలిపెట్టి వేయు సర్వీసు వసారాలో చెల్లవచ్చును గాని పోటీలో చెల్లదు.

పొడుగు సర్వీసునకు బంతి మొదట తన కొసగీత దగ్గర పడి, ఎదుటి కొసగీత దగ్గర రెండవమారు పడవలెను. పొట్టి సర్వీసు నెట్టు దాటి మెల్లగ దిగవలెను. ఎదుటివాడు తాకక విడిచినచో అది బల్లమీదనే మరల పడునంత పొట్టిగ నుండవలెను. బంతిని పొట్టకెత్తున కొట్టక, బల్ల మట్టమునకు దగ్గరగ కొట్టినచో అది నెట్టును తాకీ తాకనట్లు పోవును. బల్ల అవతలి ప్రక్క మూలలందు పాత నోటుపుస్తకపు కాగితములు పరచి వాటిపై బంతి పడునట్లు రోజునకు 50 సర్వీసులు వేయువాడు నెల తిరుగునప్పటికి మార్పును తానే చూచును. ఒకే కదలికతో రెండు విధముల సర్వీసు, ఒకటి స్పిన్‌తో, ఒకటి స్పిన్ లేక, వేయగల్గుట తరువాతి మెట్టు.

2001 వరకు గేము 21 పాయింట్లు. సర్వీసు వరుసగ అయిదు. ఆ యేటినుండి గేము 11 పాయింట్లకును, సర్వీసులు రెండుకును తగ్గినవి. పూర్వము నాలుగు తప్పులు చేసి తేరుకొనుటకు వ్యవధి యుండెడిది. ఇప్పుడు నాలుగు తప్పులనగా గేములో మూడవవంతు పైచిలుకు. కావున సర్వీసును పాడుచేసికొనువాడు ఎదుటివానికి ఉచితముగ పాయింట్లు ధారపోయుచున్నాడన్నమాట.

చేతి ఆట కాదు, కాలి ఆట

చూచువారి కన్ను చేతిమీద నుండును. ఆట తెలిసినవారి కన్ను కాళ్ళమీద నుండును. బంతికై చేయి చాచి వంగువాడు ఒక బంతిని అందుకొనవచ్చును, రెండవదానికి పడిపోవును. కాళ్ళతో బంతిని చేరుకొని, దేహమును సరియైన చోట నిలిపి కొట్టినచో ప్రతి దెబ్బయు ఒకే దెబ్బ యగును. ప్రక్కకు కదలునప్పుడు కాళ్ళు ఒకదానినొకటి దాటక, చిన్నచిన్న అడుగులతో జరుగవలెను.

జపాను ఆటగాండ్ర పాదవేగమును ఒగిమురా ఐరోపాకు కూడ నేర్పెను. అతడు స్వీడనునకు వెళ్ళి అచ్చటి క్రీడాకారులకు శిక్షణ నిచ్చెను. ఆ దేశములోని ఫాల్కెన్‌బర్గ్ అను చిన్నపట్టణమునకు చెందిన స్టెలన్ బెంగ్ట్‌సన్ 1971లో, 18 యేండ్ల ప్రాయమున, ప్రపంచ విజేత యయ్యెను. ఆ ఊరి పేరుతోనే ఒక అభ్యాసము నేడు ప్రపంచమంతటను ప్రసిద్ధమై యున్నది. ఒకడు బంతిని వరుసగ రెండుమార్లు బ్యాక్‌హ్యాండ్ మూలకును, ఒకమారు ఫోర్‌హ్యాండ్ మూలకును పంపుచుండును. రెండవవాడు మొదటి బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో కొట్టును. రెండవదానికి చుట్టుతిరిగి ఆ మూలనుండియే ఫోర్‌హ్యాండ్‌తో కొట్టును. మూడవదానికి బల్ల అడ్డముగ కదలి అవతలి మూలలో ఫోర్‌హ్యాండ్‌తో కొట్టును. మరల మొదటికి. ఆటలో కావలసిన కదలికలన్నియు ఈ మూడు దెబ్బలలో ఇమిడియున్నవి. మొదట మెల్లగ, తప్పకుండ చేయవలెను. వేగము తరువాత వచ్చును.

దీనిని బంతి లేకను చేయవచ్చును. నేలపై సుద్దతో బల్ల వెడల్పున గీత గీచి, బ్యాటు చేతబట్టి, ఊహలో బంతిని కొట్టుచు కదలినచో చాలును. నిమిషము చేసినచో చెమట పట్టును.

ఒక బల్ల, నలుబదిమంది

మొదట వేసిన లెక్కకు ఇప్పుడు మరల రావలెను. బల్ల నడుమ పొడవుగ ఒక తెల్లగీత యున్నది. అది డబుల్స్ ఆటకై గీచినది. ఉపాధ్యాయునకు అది వరము. ఆ గీతకు ఈ ప్రక్క ఒక జత, ఆ ప్రక్క ఒక జత, ఎవరి సగములో వారు నేరుగ కొట్టుకొన్నచో ఒకే బల్లపై నలుగురు ఒకేసారి అభ్యసింపవచ్చును. వంతునకు 6 నిమిషములు చొప్పున గంటలో 10 వంతులు. 10 వంతులలో 40 మంది. పిల్లలందరికిని బల్ల దక్కినది; ఎవరును వట్టి చేతులతో ఇంటికి పోలేదు. కావలసినవి మరి రెండు బ్యాట్లు మాత్రమే.

వంతుకై కాచుకొనువారు ఊరక నిలువనక్కరలేదు. ఇద్దరు చదునైన గోడకు బంతిని కొట్టుచు లెక్కపెట్టవచ్చును. ఇద్దరు బంతిని బ్యాటు ఈ ముఖముపై ఒకమారు, ఆ ముఖముపై ఒకమారు ఎగురవేయుచు నడువవచ్చును. నలుగురు సుద్దగీతపై పాదముల అభ్యాసము చేయవచ్చును. ఒకడు గంట చూచువాడు, ఒకడు లెక్క వ్రాయువాడు.

వారములో రెండుదినములు గేములు ఆడనిచ్చుట మంచిదే; పోటీ లేక ఆటకు రుచి లేదు. ఆ దినములలో నియమమును తలక్రిందులు చేసి చూడవలెను: గెలిచినవాడు దిగును, ఓడినవాడు నిలుచును. బలవంతునకు బల్లపై ఆశ తగ్గి, క్రొత్త దెబ్బను ప్రయత్నించుటకు ధైర్యము వచ్చును. బలహీనునకు వెంటనే రెండవ అవకాశము దొరకును. బలాబలములు మిక్కిలి వేరైనప్పుడు బలహీనునకు 5 పాయింట్లు ముందే ఇచ్చి ఆరంభింపవచ్చును. గేమును 9-9 నుండి మొదలుపెట్టించినచో బిగువైన వేళ చేయి వణకకుండ ఆడు అలవాటు అందరికిని కలుగును.

ఓటమి కాలము

ఇంత చెప్పినను చెప్పవలసిన కష్టమైన మాట ఒకటి మిగిలియున్నది. తప్పును దిద్దుకొనబూనినవాడు మొదట ఓడును. పట్టును సరిదిద్దుకొన్న బాలుడు నిన్నటివరకు తాను ఓడించినవారి చేతిలో నేడు ఓడును. పాత పట్టు తప్పైనను చేతికి అలవాటు. క్రొత్తది ఒప్పైనను చేతికి పరాయి. ఈ సంధికాలము కొందరికి వారములు, కొందరికి నెలలు. తోడివారు నవ్వుదురు. 'సారు చెప్పినట్లు చేసి ఉన్న ఆట కూడ పోగొట్టుకొన్నాడు' అందురు. బ్యాటు క్రిందపెట్టి పోవు పిల్లలలో పెక్కుమంది పోవునది ఇక్కడనే. వారు శక్తి లేక పోవుటలేదు. సరియైన దారి పట్టిన వారమునకే, అది సరియైనదని చెప్పువారు లేక పోవుచున్నారు.

ఉపాధ్యాయుని అసలు పని ఇచ్చట ఉన్నది. ఆ బాలుని కొన్నాళ్ళు గేములనుండి తప్పించి అభ్యాసములో ఉంచవలెను. అతనిచేత ఒక నోటుపుస్తకములో నాలుగు గడులు గీయింపవలెను: సర్వీసులో పోయినవి, సర్వీసును అందుకొనుటలో పోయినవి, నెట్టునకు తగిలినవి, బల్ల దాటినవి. ప్రతి గేము పిమ్మట పాయింట్లు ఎచ్చట పోయినవో గీతలు పెట్టవలెను. గెలుపోటముల పట్టికలో అతడు అడుగుననే యుండవచ్చును. కాని 'నెట్టునకు తగిలినవి' అను గడిలో గీతలు వారవారమును తగ్గుచుండుట అతని కంటికే కనబడును. ఓడుచున్న బాలునకు తన ఎదుగుదలను చూపగల సాక్ష్యము అదియే.

ఈ ఓటములు పెద్ద క్రీడాకారులకును తప్పలేదు. హైదరాబాదుకు ఈ ఆటలో పాత పేరున్నది. సయీద్ సుల్తానా 1949 నుండి 1954 వరకు వరుసగ ఆరుమార్లు జాతీయ మహిళా విజేతగ నిలిచెను. మీర్ ఖాసిం అలీ 1969 సంవత్సరపు అర్జున పురస్కారమును పొందెను. ఆ నగరమునుండియే వచ్చిన ఆకుల శ్రీజ 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో సింగిల్స్ కాంస్యమునకై ఆడి ఓడిపోయెను; అదే క్రీడలలో ఆచంట శరత్ కమల్‌తో జోడీకట్టి మిశ్రమ డబుల్స్ స్వర్ణమును గెలుచుకొనెను. 2024లో పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో చివరి 16 మందిలో ఒకతెగ నిలిచెను. శరత్ కమల్ తండ్రి శ్రీనివాసరావు, పినతండ్రి మురళీధరరావుల శిక్షణలో పసితనముననే బ్యాటు పట్టినవాడు. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడలలో సింగిల్స్ స్వర్ణము గెలిచెను. మరల ఆ స్వర్ణము అతని మెడలో పడుటకు 16 యేండ్లు పట్టెను. 2022లో 40 యేండ్ల వయస్సున బర్మింగ్‌హామ్‌లో దానిని గెలుచునప్పటికి, నడుమ జరిగిన మూడు కామన్వెల్త్ క్రీడలలోను అది ఇతరులకు పోయినది. ఆ మూడుమార్లును అతడు బల్ల దిగిపోయి యుండినచో నాలుగవది లేదు.

వసారాలోని నలుబదిమందిలో శరత్ కమల్ ఉన్నాడో లేడో, శ్రీజ ఉన్నదో లేదో ఎవరును చెప్పజాలరు. ఉండకపోవచ్చును కూడ. కాని మొదటి గేము ఓడగానే బ్యాటు లాగుకొన్నచో ఆ సంగతి ఎన్నటికిని తేలదు. బడిలో లెక్క తప్పిన బాలునిచేత ఆ లెక్కనే మరల చేయింతురు గాని, తప్పినావు గనుక పలక క్రిందపెట్టి పొమ్మని ఏ ఉపాధ్యాయుడును అనడు. బల్ల దగ్గర మాత్రము వేరు ధర్మమేల?